రెండు సర్వర్లూ కలిపి సగటు 58 శాతమే, క్యూ మాత్రం తెల్లారేసరికి వేలల్లో. ఎక్కడ తప్పు?

గాజువాక_గిరి · మంగళవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. కంపెనీ పేరు చెప్పలేను. పని మామూలుదే, ఆన్‌లైన్ అమ్మకాల వెనక నడిచే రెండు సర్వర్లు. ఒకటి స్టాక్ చూస్తుంది, రెండోది బిల్లింగ్.

ఆర్డర్ వస్తే ముందు స్టాక్ సర్వర్‌లో చిన్న తనిఖీ, 0.1 సెకను. తర్వాత బిల్లింగ్‌లో అసలు పని, 0.6 సెకను. రిటర్న్ వస్తే దారి తిరగబడుతుంది. ముందు బిల్లింగ్‌లో పాత బిల్లు సరిచూడటం 0.1, ఆ తర్వాత స్టాక్‌లో సరుకు మళ్ళీ లెక్కకెక్కించడం 0.6. రెండు చోట్లా ఒక్కో వర్కరే. లాకుల గొడవ వల్ల (ఇద్దరూ ఒకే రికార్డు మీద ఒకేసారి పడకూడదు కదా) రెండోది పెట్టలేకపోయాం. ఆర్డర్లు సెకనుకి ఒకటి, రిటర్న్‌లు కూడా ఇప్పుడు దాదాపు సెకనుకి ఒకటి (పండగ సేల్ అయిన వారం, అందుకే అన్ని).

ఒక్కో సర్వర్ మీద లెక్క ప్రకారం 0.1 + 0.6, అంటే 70 శాతం లోడు. ఇబ్బంది ఉండకూడదు కదా? శుక్రవారం రాత్రి కొత్త వెర్షన్ పెట్టినప్పుడు ఓ నిమిషంన్నర ఆర్డర్లు ఆగాయి, వంద దాకా పేరుకున్నాయి. అవి కరిగిపోతాయని పడుకున్నా. పొద్దున్న చూస్తే క్యూలో తొమ్మిది వేల పైచిలుకు. డాష్‌బోర్డ్‌లో రెండు సర్వర్ల సగటు వాడకం 58 శాతం! 70 కూడా కాదు. పని పేరుకుపోతుంటే సర్వర్లు ఖాళీగా కూర్చోవడం ఏంటండీ బాబూ?

మా మేనేజర్ పెద్ద మెషీన్లు కొందాం అంటున్నారు. 58 శాతం వాడకానికి కొత్త మెషీన్లా అని నా బాధ.

---

లంకమామిడి · మంగళవారం, రాత్రి 10:31

గిరీ, కొలతల్లో తేడా ఉంటుంది చూడు. 70 శాతం లోడు అంటే సగటున ఒక పని పట్టే టైము, దాని సర్వీస్ టైముకి 3.3 రెట్లు అవుతుందంతే. 1 భాగించు (1 తీసివేత 0.7). 90కి 10 రెట్లు, 95కి 20 రెట్లు. వంద దాటితే తప్ప క్యూ హద్దు లేకుండా పెరగదు. కాబట్టి నీ 0.6 నిజానికి 0.6 కాదు. గార్బేజ్ కలెక్షనో (వాడని మెమరీని ఊడ్చే పని), డిస్కో, ఏదో మధ్యలో ఆపుతోంది.

---

ఓరుగల్లు_వైరు · మంగళవారం, రాత్రి 10:40

అన్నా, రీట్రైలు ఉన్నయా? క్లయింట్ 30 సెకండ్లు చూసి మళ్ల కొడుతున్నడా? అట్లైతే వచ్చేది సెకండ్‌కు ఒక్కటి కాదు, రెండో మూడో అయితది. మా దగ్గర పోయినేడు గదే అయ్యింది.

---

గాజువాక_గిరి · మంగళవారం, రాత్రి 10:52

లంకమామిడి అన్నా, ట్రేస్‌లు, అంటే ఒక్కో పనికి ఎంత పట్టిందో రాసుకున్న రికార్డులు, తీసి చూశాను. 0.6 నిజంగా 0.6నే, మహా అయితే 0.62. ఇంకోటి చెప్పడం మర్చిపోయా. పోయిన నెల వరకు చిన్న తనిఖీలు 0.2 పట్టేవి, కష్టపడి 0.1కి తెచ్చాం. లోడు 80 నుంచి 70కి దిగింది. ఈ రోగానికి మాత్రం రవ్వంత తేడా లేదు.

వైరు భాయ్, రీట్రైలు శనివారమే ఆపేశాం. వచ్చేవి లెక్కపెట్టాను, నిమిషానికి 120. పూర్తయ్యేవి నిమిషానికి 100. సరిగ్గా 20 మిగులుతున్నాయి, ప్రతి నిమిషం.

---

డల్లాస్_దొండకాయ · మంగళవారం, రాత్రి 11:05

సగటు వద్దు బాసూ, సగటు చూసి ఎవరూ బాగుపడలేదు. రెండు సర్వర్లకీ విడివిడిగా నిమిషం నిమిషం గ్రాఫ్ తీసి చెప్పు, ఏం కనిపిస్తోందో.

---

గాజువాక_గిరి · మంగళవారం, రాత్రి 11:38

తీశాను. ఇది చూసి నాకే వింతగా ఉంది. బిల్లింగ్ 100 శాతంలో ఉన్నంతసేపూ స్టాక్ 17 శాతంలో ఉంది. కాసేపటికి తారుమారు, స్టాక్ 100, బిల్లింగ్ 17. మళ్ళీ తారుమారు. ప్రతి విడతా ముందు దానికంటే పొడుగు. ఆర్డర్ల క్యూ కొండలా ఉన్నప్పుడు రిటర్న్‌ల క్యూ దాదాపు ఖాళీ, రిటర్న్‌లు పేరుకున్నప్పుడు ఆర్డర్లు ఖాళీ.

---

లెక్కల_పంతులమ్మ · మంగళవారం, రాత్రి 11:49

గిరి గారూ, ఒక్క ప్రశ్న. ఒక సర్వర్ ముందు రెండు రకాల పనులూ ఉంటే ఏది ముందు తీసుకోవాలని రాశారు?

---

గాజువాక_గిరి · మంగళవారం, రాత్రి 11:53

సగంలో ఉన్నది ముందు ముగించమని, మేడమ్. రెండు సర్వర్లలోనూ అదే. కొత్తది మొదలుపెట్టేకన్నా మొదలైనదాన్ని వదిలించుకోవడం మేలని. డిజైన్ మీటింగ్‌లో అందరూ ఒప్పుకున్నారు, ఆ ఐడియా ఇచ్చినందుకు నాకు చప్పట్లు కూడా కొట్టారు.

---

లెక్కల_పంతులమ్మ · బుధవారం, ఉదయం 6:20

రాత్రి రాయలేకపోయాను, పిల్లాడి పరీక్షలు. ఇప్పుడు కాఫీ పక్కన పెట్టుకుని రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

మీ కొలతల్లో తప్పు లేదు. మెషీన్లలోనూ లేదు. తప్పంతా ఆ చప్పట్లు కొట్టించుకున్న నియమంలోనే ఉంది.

కాగితం తీసుకోండి. యాదృచ్ఛికత పక్కనపెట్టి, పనులు నీళ్ళలా పారుతున్నాయనుకుందాం. మొదట స్టాక్ సర్వర్ దగ్గర 100 ఆర్డర్లు, మిగతా అన్ని క్యూలూ ఖాళీ. స్టాక్ సర్వర్ వాటిని సెకనుకి 10 చొప్పున బిల్లింగ్ మీదికి తోసేస్తుంది. బిల్లింగ్‌కి ఒక్కో ఆర్డర్ 0.6 సెకను, అంటే సెకనుకి 1.67 మాత్రమే తెమల్చగలదు. దాని ముందు ఆర్డర్లు పేరుకుంటాయి. అవి "సగంలో ఉన్న" పనులు కాబట్టి వాటికే ప్రాధాన్యం. ఈలోగా బిల్లింగ్ దగ్గరకి కొత్తగా వచ్చే రిటర్న్‌లని ఎవరూ ముట్టుకోరు.

ఎంతసేపు? పాత 100, పైగా ఈ సమయంలో వచ్చే కొత్త ఆర్డర్లు సెకనుకి ఒకటి. అన్నీ సెకనుకి 1.67 చొప్పున పోవాలి. 150 సెకన్లు పడుతుంది (100 + 150 = 250, 250 పనులు 0.6 సెకను చొప్పున 150 సెకన్లు). ఆ 150 సెకన్లలో బిల్లింగ్ గుమ్మం ముందు 150 రిటర్న్‌లు నిలబడ్డాయి.

ఇప్పుడు ఆర్డర్లు సున్నా, రిటర్న్‌లు 150. బొమ్మ తిరగబడింది. బిల్లింగ్ వాటిని చకచకా స్టాక్ మీదికి తోస్తుంది, స్టాక్ వాటి వెనకే పడుతుంది, కొత్త ఆర్డర్లు బయట నిలబడతాయి. 225 సెకన్ల తర్వాత రిటర్న్‌లు సున్నా, ఆర్డర్లు 225. ఆ పైన 337. ప్రతి విడతా ఒకటిన్నర రెట్లు.

మీ అంకెలు సరిపోయాయా చూడండి. మొదటి 150 సెకన్లలో వచ్చినవి 300, పూర్తయినవి 250. నిమిషానికి 120 రాక, 100 పోక. బిల్లింగ్ నూటికి నూరు పనిలో ఉంది. స్టాక్ చేసింది 250 చిన్న తనిఖీలు, 25 సెకన్ల పని, అంటే 150లో 17 శాతం. రెండింటి సగటు 58.

రాత్రి మొత్తానికి నిమిషానికి 20 చొప్పున ఎనిమిది గంటలు వేసుకుంటే 9,600.

---

గాజువాక_గిరి · బుధవారం, ఉదయం 7:02

మేడమ్, చేతులెత్తి దండం. నా గ్రాఫ్ చూడకుండానే నా గ్రాఫ్ గీసేశారు.

ఒకటి అర్థం కాలేదు. 0.2ని 0.1 చేసినా ఎందుకు మారలేదు?

---

లెక్కల_పంతులమ్మ · బుధవారం, ఉదయం 7:30

ఆ ఒకటిన్నర ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. 0.6 భాగించు (1 తీసివేత 0.6). అందులో చిన్న తనిఖీ ఊసే లేదు. దాన్ని సున్నా చేసినా ఒకటిన్నర ఒకటిన్నరే.

అసలు కిటుకు ఇది. బిల్లింగ్‌లో ఆర్డర్ రెండో మెట్టు, స్టాక్‌లో రిటర్న్ రెండో మెట్టు. ఈ రెండూ వేర్వేరు మెషీన్ల మీద ఉన్నా ఒకేసారి నడవవు. స్టాక్‌లో రిటర్న్ పని ఉంటే కొత్త ఆర్డర్లు తనిఖీ దాటి బిల్లింగ్‌కి చేరలేవు. బిల్లింగ్‌లో ఆర్డర్ పని ఉంటే కొత్త రిటర్న్‌లు స్టాక్‌కి చేరలేవు. ఒకటి నడుస్తుంటే రెండోదానికి తిండి బంద్. ఒంటి పట్టాల రైలు మార్గం లాంటిదనుకోండి, అటు బండి వస్తుంటే ఇటు బండి ఆగాలి. కాబట్టి కంటికి కనిపించని మూడో సర్వర్ ఒకటి మీ సిస్టమ్‌లో ఉంది. దాని మీద లోడు 0.6 + 0.6, అంటే 120 శాతం. మీ డాష్‌బోర్డ్‌లో దానికి డబ్బా లేదు, అంతే తేడా. పుస్తకాల్లో దీన్ని వర్చువల్ స్టేషన్ అంటారు.

శుక్రవారం ఆ వంద పేరుకోకపోయినా ఇది ఎప్పుడో ఒకరోజు జరిగేదే. రాకలు ఎప్పుడూ సమంగా ఉండవు కదా, ఏదో ఒక గుంపు చాలు మొదలుపెట్టడానికి.

---

పాత_మెయిన్‌ఫ్రేమ్ · బుధవారం, ఉదయం 9:15

అమ్మా, చక్కగా చెప్పారు. మా రోజుల్లో ఇది చెబితే కొట్టేవాళ్ళు.

లంకమామిడి చెప్పినది మేమంతా నేర్చుకున్నదే, ఆయన్ని అనడానికి లేదు. 1957లో జాక్సన్ అనే ఆయన నిరూపించాడు: ప్రతి స్టేషన్‌లో (మీ భాషలో సర్వర్) లోడు 1 కన్నా, అంటే 100 శాతం కన్నా, తక్కువైతే నెట్‌వర్క్ మొత్తం నిలకడగా ఉంటుంది, క్యూలు హద్దు మీరవు, పైగా ఒక్కో క్యూని విడిగా ఉన్నట్టే లెక్క కట్టుకోవచ్చు. అంత అందమైన ఫలితం చూశాక ఎవరికి అనుమానం వస్తుంది? 1975లో బాస్కెట్, చాందీ, మంట్జ్, పలాసియోస్ నలుగురూ కలిసి దాన్ని ఇంకా విస్తరించారు. ఆ చాందీ మన ఐఐటీ మద్రాసులో చదివినాయనే. మేం మెయిన్‌ఫ్రేమ్‌కి ఎన్ని డిస్కులు కావాలో, ఎంతమంది టెర్మినల్ దగ్గర కూర్చుంటే ఎంత ఆలస్యమవుతుందో ఆ సూత్రాలతోనే కట్టేవాళ్ళం. 1973లో బ్యూజెన్ ఇచ్చిన పద్ధతితో ఆ లెక్క కంప్యూటర్ మీద తేలిగ్గా జరిగేది. అంచనాలు దగ్గరగానే వచ్చేవి.

అయితే ఆ సిద్ధాంతాలకి షరతులున్నాయి. వచ్చినవాళ్ళకి వచ్చిన వరుసలో చేసే స్టేషన్ అయితే అన్ని రకాల పనులకీ సర్వీస్ టైము ఒకే తీరులో ఉండాలి. ఒక రకానికి ఇంకో రకం మీద ప్రాధాన్యం ఇచ్చే స్టేషన్ ఆ చట్రంలోనే లేదు. ఈ షరతులు పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటాయి, మేం సూత్రం మాత్రం కాపీ చేసుకునేవాళ్ళం. గిరి దగ్గర ఒకే సర్వర్‌లో 0.1, 0.6 ఉన్నాయి, ప్రాధాన్యం కూడా ఉంది. రెండు షరతులూ పోయాయి.

---

లెక్కల_పంతులమ్మ · బుధవారం, ఉదయం 9:48

నిజం మాష్టారూ. ఆ భ్రమ మొదట పగిలింది కంప్యూటర్లలో కాదు, ఫ్యాక్టరీ లెక్కల్లో. చిప్‌లు చేసే కర్మాగారాల్లో ఒకే సిలికాన్ పలక అదే మెషీన్ దగ్గరకి పదే పదే తిరిగి వస్తుంది. పి.ఆర్. కుమార్ (ఈయనా ఐఐటీ మద్రాసు విద్యార్థే), సైడ్‌మన్ కలిసి 1990లో చూపించారు, సామర్థ్యం సరిపోతున్నా షెడ్యూలింగ్ నియమం వల్లే నిల్వలు హద్దు లేకుండా పెరగొచ్చని. 1992లో రష్యన్ గణితవేత్తలు రిబ్కో, స్తొల్యార్ ఇచ్చిన ఉదాహరణ అచ్చం గిరి గారి సిస్టమే: రెండు స్టేషన్లు, ఎదురెదురు దారులు, రెండో మెట్టుకి ప్రాధాన్యం. ఆయన తెలియకుండానే మళ్ళీ కట్టారు.

---

గాజువాక_గిరి · బుధవారం, ఉదయం 9:55

ముప్పై ఏళ్ళ కింద తప్పని తేలినదానికా నాకు చప్పట్లు కొట్టారు 😅

---

ఓరుగల్లు_వైరు · బుధవారం, ఉదయం 10:10

మరి గీ ప్రయారిటీల లొల్లే లేకుండ, రేషన్ షాపు లెక్క ఎవలు ముందొస్తే వాళ్లకు ముందు ఇస్తే అయిపాయె గదా?

---

లెక్కల_పంతులమ్మ · బుధవారం, ఉదయం 10:41

గిరి గారి సిస్టమ్‌కి అది పనికిరావచ్చు. నేను సిమ్యులేషన్ నడిపితే నిలకడగానే ఉంది. అదే మందు అన్ని చోట్లా పనిచేస్తుందని మాత్రం అనుకోకండి. 1994లో బ్రామ్సన్ రెండే స్టేషన్ల నెట్‌వర్క్ ఒకటి కట్టి చూపించాడు. ప్రతి స్టేషన్ లోడూ 1 కన్నా తక్కువ, వచ్చిన వరుసలోనే సేవ, అయినా క్యూలు అనంతానికి పోతాయి. అదే ఏడాది సైడ్‌మన్ కూడా విడిగా ఇంకో ఉదాహరణ ఇచ్చాడు. స్టేషన్‌లో అన్ని రకాలకీ సగటు సర్వీస్ టైము సమానమైతే ఆ భయం లేదని బ్రామ్సనే తర్వాత నిరూపించాడు. 0.1, 0.6 పక్కపక్కన ఉన్నచోట ఒట్టు పెట్టలేం.

వరుసలో నిలబెట్టడం న్యాయం కావచ్చు వైరు గారూ. నిలకడ వేరే సంగతి.

---

లంకమామిడి · బుధవారం, ఉదయం 11:20

సరే, నేను పొరపాటు పడ్డాను, ఒప్పుకుంటున్నా. అయితే ఇంత సిద్ధాంతం దేనికండీ? మేం రోజూ చేసే పని ఉంది. బిల్లింగ్‌లో ఒకేసారి 20 కన్నా ఎక్కువ ఆర్డర్లు ఉండకూడదని లిమిట్ పెట్టు. నిండితే స్టాక్ సర్వర్ ఆగుతుంది. గుంపుగా తోసేయడం వల్లే కదా సమస్య? తోయనివ్వకపోతే సరి. పది నిమిషాల పని.

---

గాజువాక_గిరి · బుధవారం, మధ్యాహ్నం 2:05

టెస్ట్ సిస్టమ్‌లో పెట్టి చూశా అన్నా. బిల్లింగ్ ముందు క్యూ 20 దాటట్లేదు, గ్రాఫ్ ముద్దొస్తోంది. మొత్తం మాత్రం అదే ఒకటిన్నర రెట్లు. ఆర్డర్లు బిల్లింగ్ ముందు కాకుండా స్టాక్ ముందు నిలబడ్డాయి, అంతే తేడా.

---

లెక్కల_పంతులమ్మ · బుధవారం, మధ్యాహ్నం 2:30

అవుతుంది మరి. లిమిట్ 20 పెట్టినా బిల్లింగ్ చేతిలో ఎప్పుడూ ఓ ఆర్డర్ ఉంటూనే ఉంది కదా. దాని ప్రాధాన్యం మారలేదు, రిటర్న్‌ల వైపు చూడట్లేదు. స్టాక్ దగ్గరున్న వందా పూర్తయ్యేదాకా అదే 150 సెకన్లు. క్యూ ఎక్కడ నిలబడిందన్నది కాదు, ఎవరికి తిండి ఆగిందన్నది చూడాలి.

లంకమామిడి గారి మాట కొట్టిపారేయడానికి లేదు, వేరే జబ్బుకి అది మంచి మందు. పనులు హద్దు మీరి లోపలికి వచ్చి మెమరీ తినేస్తుంటే, టైమౌట్లూ రీట్రైలూ మొదలైతే, లిమిట్ లేకుండా బతకలేం. ఇక్కడి జబ్బు అది కాదు.

---

డల్లాస్_దొండకాయ · బుధవారం, మధ్యాహ్నం 2:44

ఆ వేరే జబ్బుకి నా ఇష్టమైన కథ 1986 అక్టోబరుది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలు. ఆ మధ్య నెట్‌వర్క్ వేగం సెకనుకి 32,000 బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. వైరు తెగలేదు. అందరూ దారిలో పోయిన ప్యాకెట్లనే (డేటా ముక్కలు) మళ్ళీ మళ్ళీ పంపుతూ లైను నింపేశారు. వాన్ జేకబ్సన్ 1988లో రాసిన పేపర్‌తో రద్దీ ఉంటే పంపేవాడే తగ్గించుకునే పద్ధతి టీసీపీలోకి (ఇంటర్నెట్‌లో డేటా పంపే నియమాలు) వచ్చింది. వైరు భాయ్ మొదట అడిగిన రీట్రై ప్రశ్న వంశం ఇదే. అక్కడ వచ్చే లోడే పెరుగుతుంది. గిరి కేసులో వచ్చేది పెరగలేదు, అయినా మునిగాడు. ఇది ఇంకా దొంగ జబ్బు.

---

ఓరుగల్లు_వైరు · బుధవారం, మధ్యాహ్నం 3:02

తిరుమల కూడ యాదికొచ్చింది. సర్వదర్శనానికి టైం స్లాట్ టోకెన్లు ఇస్తరు గదా, గది గీ లిమిట్ ముచ్చటే. కంపార్ట్‌మెంట్ల కూసుండే బదులు టైంకు పోతం. దర్శనం స్పీడ్ పెరగలె, నిలబడే జాగ మారింది.

---

లంకమామిడి · బుధవారం, మధ్యాహ్నం 3:10

టోకెన్ లేనప్పుడు 14 గంటలు కూర్చున్నవాణ్ణి అడగండి ఆ జాగా విలువేంటో 😀 రూముకెళ్ళి పడుకోవచ్చు స్వామీ.

---

మోడరేటర్ · బుధవారం, మధ్యాహ్నం 3:15

తిరుమల ముచ్చట్లకి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ గిరి గారి క్యూ తేల్చండి.

---

గాజువాక_గిరి · బుధవారం, సాయంత్రం 5:40

ఇప్పుడు నా చేతిలో ఏమున్నాయి మేడమ్? మేనేజర్ రేపు పొద్దున్న మెషీన్ల కొటేషన్ మీద సంతకం పెట్టేస్తారు.

---

లెక్కల_పంతులమ్మ · బుధవారం, రాత్రి 8:25

ముందు మీ మేనేజర్‌కి న్యాయం చేయాలి. ఆయన చెప్పినదీ పనిచేస్తుంది. పెద్ద పని 0.6 నుంచి 0.45కి దిగితే కనిపించని సర్వర్ లోడు 0.9 అవుతుంది, ఒకటిన్నర రెట్లు కాస్తా 0.82 రెట్లు అవుతుంది, పేరుకున్నది విడత విడతకీ కరుగుతుంది. అయితే రిటర్న్‌లు ఇంకాస్త పెరిగిన రోజు మళ్ళీ ఇదే కథ. సర్వర్లు మాత్రం 55 శాతంలో నడుస్తుంటాయి.

పైసా ఖర్చు లేనిది ఒకటుంది. బిల్లింగ్ సర్వర్ ఒక్కదానిలో ప్రాధాన్యం తిప్పేయండి, రిటర్న్ తనిఖీ ముందు, ఆర్డర్ పని తర్వాత. స్టాక్ సర్వర్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఎందుకో చూడండి. రిటర్న్ తనిఖీ బిల్లింగ్‌లో 10 శాతమే తింటుంది, కాబట్టి రిటర్న్‌లు ఇక ఆగవు, సెకనుకి ఒకటి చొప్పున స్టాక్‌కి చేరతాయి. అక్కడ 60 శాతం తింటాయి. మిగిలిన 40 శాతంతో స్టాక్ సెకనుకి 4 ఆర్డర్లు తనిఖీ చేయగలదు, వచ్చేది ఒకటే. బిల్లింగ్‌లో మిగిలిన 90 శాతంతో సెకనుకి 1.5 ఆర్డర్లు పూర్తవుతాయి, వచ్చేది ఒకటే. ఎక్కడా కొరత లేదు. వంద ఆర్డర్లు పేరుకుంటే 200 సెకన్లలో కరగాలి.

నీళ్ళలా పారించి చూసే ఈ పద్ధతికి గట్టి పునాది ఉంది. ఫ్లూయిడ్ మోడల్‌లో ఎంత నిల్వతో మొదలుపెట్టినా అది పరిమిత సమయంలో ఖాళీ అయితే, అసలు యాదృచ్ఛిక నెట్‌వర్క్ కూడా నిలకడగా ఉంటుందని 1995లో జిమ్ డాయ్ నిరూపించాడు. అందుకే కాగితం మీద వేసిన ఈ లెక్కని నమ్మొచ్చు.

---

డల్లాస్_దొండకాయ · బుధవారం, రాత్రి 8:50

రెండు సర్వర్లు, రెండు దారులు కాబట్టి చేత్తో తేలింది. మా దగ్గర నలభై సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, ఏ దారిలో ఎంత వస్తుందో మాకే తెలీదు. అప్పుడేం చేయాలి?

---

లెక్కల_పంతులమ్మ · బుధవారం, రాత్రి 9:35

దానికే 1992లో తాసియులాస్, ఎఫ్రెమిడెస్ ఒక నియమం ఇచ్చారు. వాళ్ళు ఆలోచించింది రేడియో నెట్‌వర్క్‌ల గురించి, పనికొచ్చేది మాత్రం చాలా చోట్ల. బ్యాక్‌ప్రెషర్ అంటారు. సర్వర్ ఖాళీ అయిన ప్రతిసారీ ఒక్కో రకం పనికీ ఒక అంకె కడుతుంది. నా దగ్గర ఆ రకం ఎన్ని ఉన్నాయి, ఆ పని తర్వాత వెళ్ళే చోట ఎన్ని ఉన్నాయి, ఆ తేడాని నా వేగంతో గుణించాలి. ఏ అంకె పెద్దదైతే ఆ పని చేయాలి.

గిరి గారి స్టాక్ సర్వర్‌నే తీసుకుందాం. ముందు 100 ఆర్డర్లు, బిల్లింగ్ దగ్గర అప్పటికే 95 ఆర్డర్లు. తేడా 5, వేగం 10, అంకె 50. రిటర్న్‌లు 40, వాటికి తర్వాత మెట్టు లేదు, వేగం 1.67, అంకె 67. కాబట్టి రిటర్న్ ముందు. బిల్లింగ్ ఎలాగూ నిండి ఉంది, ఇంకా తోస్తే ఏం లాభం అని దానికదే తెలుసుకున్నట్టు ఉంటుంది.

దీని గొప్పంతా ఏమిటంటే, సెకనుకి ఎన్ని వస్తాయో చెప్పనక్కర్లేదు. ఏ నియమమైనా ఆ నెట్‌వర్క్‌ని నిలకడగా నడపగలిగేటట్టయితే ఇదీ నడపగలదు. నిరూపణకి అన్ని క్యూల పొడవుల వర్గాల మొత్తం తీసుకుని, అది పెద్దదైనప్పుడల్లా సగటున తగ్గుతుందని చూపిస్తారు. గిన్నెలో గోళీ అడుగుకి జారినట్టు. ఆ గిన్నెని లియాపునోవ్ ఫంక్షన్ అంటారు.

---

లంకమామిడి · బుధవారం, రాత్రి 9:52

ఇంత బాగుంటే అందరూ ఎందుకు వాడరు మేడమ్? ఎక్కడో మెలిక ఉండాలి.

---

లెక్కల_పంతులమ్మ · బుధవారం, రాత్రి 10:08

ఉంది. పక్క సర్వర్ క్యూ పొడవు క్షణక్షణం తెలియాలి. ఆ కబురు పాతబడితే లాభం తగ్గుతుంది. ఇంకోటి, నిలకడ అంటే త్వరగా అవడం కాదు. ఎక్కడో ఒంటరిగా మిగిలిన ఒకటి రెండు పనుల అంకె చిన్నదే కాబట్టి అవి చాలాసేపు పడి ఉండొచ్చు. దారి కూడా నియమమే ఎంచుకునే నెట్‌వర్క్‌లలో లోడు తక్కువున్నప్పుడు ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతుంటాయి, తోసే ఒత్తిడి ఉండదు కదా. పెద్ద లోడులో దొర, చిన్న లోడులో బద్ధకస్తుడు.

నలభై సర్వీసులున్న దొండకాయ గారికి నేనైతే ముందు ఇది చెబుతా: ప్రాధాన్యాలు ఎక్కడెక్కడ రాసి ఉన్నాయో ఏరండి, ఎదురెదురు దారులు ఎక్కడున్నాయో చూడండి, ఒకేసారి నడవలేని జంటల లోడు కూడండి. జంటలే అన్నీ పట్టుకోవు, మూడేసి నాలుగేసి స్టేషన్ల చిక్కులూ ఉంటాయి. అయినా గిరి గారి లాంటివి ముందు బయటపడతాయి.

---

పాత_మెయిన్‌ఫ్రేమ్ · బుధవారం, రాత్రి 10:30

గిరీ, ఒక చిన్న మాట. డాష్‌బోర్డ్‌లో వాడకం శాతం కన్నా ముందు "వచ్చినవి, పోయినవి" అని రెండు గీతలు పెట్టు. అవి విడిపోతుంటే మిగతా అంకెలు ఎంత బాగున్నా ఇల్లు కాలుతున్నట్టే. నువ్వు ఆ 120, 100 లెక్క తీయబట్టే అమ్మ పట్టుకోగలిగారు. మేం పంచ్ కార్డుల కట్టలు ఎంచి ఇదే చేసేవాళ్ళం, పొద్దున్న ఎన్ని కట్టలు ఇచ్చారు, సాయంత్రం ఎన్ని తిరిగొచ్చాయి అని.

---

గాజువాక_గిరి · గురువారం, మధ్యాహ్నం 1:17

అప్‌డేట్. బిల్లింగ్‌లో ఒక్క లైను మార్చాం. టెస్ట్‌లో కావాలనే వంద ఆర్డర్లు కుమ్మరించి చూస్తే 3 నిమిషాల 34 సెకన్లలో ఖాళీ. మేడమ్ లెక్క 200 సెకన్లు, 14 సెకన్ల తేడా. ఆ ధైర్యంతో ఉదయం పదకొండింటికి అసలు సిస్టమ్‌లో పెట్టాం. అప్పటికి క్యూలో నాలుగు వేల చిల్లర ఆర్డర్లు ఉన్నాయి, నిమిషానికి ముప్ఫై చొప్పున తగ్గుతున్నాయి. ఇంకాసేపట్లో అయిపోతాయి.

కొటేషన్ ఆగింది. మేనేజర్ అడిగిన ఒకే ప్రశ్నకి జవాబు లేక ఇక్కడికొచ్చా: "రిటర్న్‌లు రెండింతలయ్యాయనుకో, అప్పుడు?"

---

లెక్కల_పంతులమ్మ · గురువారం, మధ్యాహ్నం 1:40

స్టాక్ సర్వర్ మీద 0.1 + 1.2, అంటే 130 శాతం. అప్పుడు ఏ నియమమూ ఏమీ చేయలేదు. ఆ కొటేషన్ చింపేయకండి, సొరుగులో పెట్టమనండి.

---

ఓరుగల్లు_వైరు · గురువారం, మధ్యాహ్నం 1:44

గిరన్నా, ఆపిన రీట్రైలు మళ్ల చాలూ చేసినవా? చేసేముందు జర చెప్పు, మేం పాప్‌కార్న్ తెచ్చుకుంటం.